సబ్బు, షాంపూ, పేస్టు: జంతువుల మీద పరీక్షించనివి హైదరాబాద్‌లో తక్కువ ధరకు దొరుకుతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్‌లో మూడో తరగతి చదివే పాప ఒకరోజు బడి నుంచి వచ్చి, "అమ్మా, మన షాంపూని కుందేలు కంట్లో పోసి చూశారా?" అని అడిగింది. వాళ్లమ్మకు ఏం చెప్పాలో తోచక నా దగ్గరికి వచ్చింది. ఆమె అడిగినవి, తర్వాత పక్కింటివాళ్లు, ఆఫీసులో వాళ్లు, చుట్టాలు అడిగినవి అన్నీ కలిపి నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. రామంతాపూర్‌లో నలుగురున్న మామూలు సంసారం మాది. నెల ఖర్చు చూసుకోకుండా ఏదీ కొనలేం. అందుకే ఇందులో ధర గురించిన మాట చాలాచోట్ల వస్తుంది.

మన దేశంలో జంతువుల మీద పరీక్షలు నిషేధమే కదా? ఇంకా వెతుక్కోవడం ఎందుకు?

నిషేధం నిజమే, అదే మనకు పెద్ద ఊరట. 2014 మే నెలలో సౌందర్య సాధనాల పరీక్షలకు జంతువులను వాడకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. అదే ఏడాది నవంబరు నుంచి, బయటి దేశాల్లో జంతువుల మీద పరీక్షించిన సరుకును దిగుమతి చేసుకోవడం కూడా ఆగిపోయింది. దక్షిణాసియాలో ఈ పని మొదట చేసింది మన దేశమే. 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్‌లో కూడా ఈ నిషేధం కొనసాగింది.

సబ్బు, షాంపూ, పౌడరు, క్రీము, మామూలు టూత్‌పేస్టు, లిప్‌స్టిక్ అన్నీ చట్టం దృష్టిలో సౌందర్య సాధనాలే. అంటే వీధి చివర కిరాణా కొట్లో దొరికే 30 రూపాయల సబ్బును మన దేశంలో ఏ కుందేలు మీదా పరీక్షించకూడదు. చాలామంది ఇది తెలియక, కుందేలు బొమ్మ ఉన్న 300 రూపాయల సబ్బు కొంటేనే పాపం అంటదని టెన్షన్ పడుతుంటారు. ఆ టెన్షన్ అక్కర్లేదు.

మరి వెతకడం ఎందుకంటే, చట్టం చేరని మూలలు కొన్ని మిగిలాయి. మనకు అమ్మే కంపెనీయే ఇంకో దేశంలో, అక్కడి చట్టం అడిగిందని పరీక్షలు చేయిస్తూ ఉండవచ్చు. సబ్బులో పడే ఒక రసాయనం మందుల్లోనో రంగుల్లోనో కూడా వాడేదైతే, ఆ అవసరం పేరు మీద దాన్ని పరీక్షించి ఉండవచ్చు. "ఆయుర్వేద మందు" అన్న లైసెన్సుతో వచ్చే సబ్బులు, పేస్టుల లెక్క వేరే ఉంటుంది. బట్టల సబ్బు, ఫినాయిల్, గిన్నెల లిక్విడ్ అసలు సౌందర్య సాధనాల కిందికే రావు. మన డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోవాలనుకునేవాళ్లకు ఈ మూలల దగ్గరే పని.

అసలు ఆ పరీక్షల్లో ఏం చేస్తారు? పిల్లలకు ఎలా చెప్పాలి?

పిల్లలకు చెప్పడానికి మన ఇళ్లలోనే ఒక దారి ఉంది. పండగపూట తలంటు గుర్తు తెచ్చుకోండి. వీపు మీద నూనె జిడ్డు, పీట మీద కూర్చోబెట్టిన అమ్మ, గిన్నెలో నురగ కట్టిన కుంకుడు రసం. "కళ్లు మూసుకో, గట్టిగా మూసుకో" అంటూనే ఉంటుంది. ఒక్క చుక్క జారి కంట్లో పడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తాం. అమ్మ గబగబా చెంబుతో నీళ్లు కొడుతుంది, కొంగుతో తుడుస్తుంది, నోటితో ఊదుతుంది. అయినా సాయంత్రం దాకా కళ్లు ఎర్రగానే ఉంటాయి.

డ్రేజ్ పరీక్ష అనే కంటి పరీక్షలో కుందేలుకి కళ్లు మూసుకునే వీలు ఉండదు. 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త జాన్ డ్రేజ్ పేరు మీద ఇది మొదలైంది. కదలకుండా పట్టి ఉంచిన కుందేలు ఒక కంట్లో రసాయనం వేస్తారు, రెండో కన్ను పోల్చి చూడటానికి వదిలేస్తారు. తర్వాత ఎరుపు, వాపు, పుండు ఎంతవరకు వచ్చాయో రోజుల తరబడి రాసుకుంటారు. కొన్నిసార్లు 21 రోజుల వరకు చూస్తారు. కుందేలు సాధు జంతువు, దాని కన్ను పెద్దది, రెప్ప వేయడం కూడా తక్కువ. అందుకని దాన్ని ఎంచుకున్నారు. కడిగే చెంబు, తుడిచే కొంగు దానికి లేవు.

మా పక్కింటి పాపకు ఇంతే చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనం కొనేదానికి అలా చేయలేదు కదా?" అంది. "ఇక్కడ చేయడానికి వీల్లేదు, నాన్నా" అని ధైర్యంగా చెప్పగలిగాను. 2014కి ముందు అయితే చెప్పగలిగేదాన్ని కాదు.

జంతువుల మీద కాకపోతే, మన చర్మానికి హాని లేదని ఎలా తెలుస్తుంది?

ప్రయోగశాలలో మనిషి చర్మ కణాలను పొరలు పొరలుగా పెంచి, వాటి మీద రసాయనం వేసి చూస్తారు. కంటి మంట తెలుసుకోవడానికి కూడా ఇలా పెంచిన కణజాలం ఉంది. ఈ పద్ధతులను చాలా దేశాలు ఒప్పుకున్నాయి. వాటికి తోడు, దశాబ్దాలుగా వాడుతున్న ముడిసరుకుల గురించి ఇప్పటికే బోలెడు సమాచారం ఉంది. కొత్తగా వచ్చే కొబ్బరినూనె సబ్బు కోసం కొబ్బరినూనెను మళ్లీ మొదటి నుంచి పరీక్షించాల్సిన పని లేదు.

ఇది ఎక్కడో విదేశాల ముచ్చట కూడా కాదు. ఉప్పల్ రోడ్డులో మనం రోజూ దాటిపోయే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది కదా, దాని ఇంక్యుబేషన్ సెంటర్‌లోనే జంతువులకు బదులుగా మనిషి కణాల ఆధారంగా పరీక్షలు చేసే పద్ధతులను ముందుకు తీసుకెళ్లడానికి ఒక ప్రత్యేక కేంద్రం పెట్టారు. ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

ప్యాకెట్ మీద కుందేలు బొమ్మ ఉంటే చాలా?

ఏ కుందేలో చూడాలి. ప్రపంచంలో ఎక్కువగా కనిపించే గుర్తులు రెండు. ఒకటి లీపింగ్ బన్నీ, నక్షత్రాలతో గెంతుతున్న కుందేలు. దీనికి కంపెనీ ఒక తేదీ పెట్టుకుని, ఆ తర్వాత తమ సరుకును గానీ ముడిసరుకును గానీ పరీక్షించలేదని చూపాలి. సరఫరాదారుల కాగితాలు కూడా ఉండాలి, బయటివాళ్ల తనిఖీకి ఒప్పుకోవాలి. రెండోది జంతువుల హక్కుల సంస్థ పెటా వాళ్ల గుర్తు. అది ఎక్కువగా కంపెనీ రాసిచ్చే హామీ మీద నడుస్తుంది. నాకు మొదటిది మీద నమ్మకం ఎక్కువ. కానీ మన దేశపు చిన్న, మధ్యతరహా కంపెనీల్లో రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. అది ఉన్నా నేను కొంటాను.

మూడో రకం కుందేలు కూడా ఉంది. డిజైనర్ గీసిన ముద్దొచ్చే బొమ్మ అది, వెనక ఏ సంస్థా ఉండదు. రెండేళ్ల కిందట నేను అలాంటి బొమ్మ చూసి ఒక బాడీవాష్ కొన్నాను, మామూలు దానికి మూడింతల ధర. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆ గుర్తు ఎవరిచ్చారని అడిగితే, "మేడమ్, అది ప్యాకింగ్ డిజైన్" అన్నారు. ఆ రోజు నుంచి బొమ్మ చూసి కొనడం మానేశాను. రెండు సంస్థలూ తమ జాబితాలను ఆన్‌లైన్‌లో పెడతాయి. కొట్లో నిలబడే ఫోన్‌లో బ్రాండు పేరు కొట్టి చూడవచ్చు, ఒక్క నిమిషం పని.

సబ్బుల మీద ఆకుపచ్చ చుక్క, గోధుమరంగు చుక్క ఉంటాయి. అవి ఇదేనా?

కాదు. ఆ చుక్క లోపల వేసిన సరుకు శాకాహారమా, మాంసాహారమా అన్నది చెబుతుంది. పరీక్షల గురించి ఏమీ చెప్పదు.

వీగన్, క్రూయల్టీ ఫ్రీ ఒకటేనా?

రెండూ వేర్వేరు మాటలు. క్రూయల్టీ ఫ్రీ అంటే జంతువుల మీద పరీక్షించనిది, వీగన్ అంటే జంతువుల నుంచి వచ్చిన సరుకు ఏదీ లేనిది. జంతువు మీద పరీక్షించని లిప్‌బామ్‌లో తేనెమైనం ఉండవచ్చు. అది క్రూయల్టీ ఫ్రీ అవుతుంది గానీ వీగన్ కాదు. లానోలిన్ గొర్రె ఉన్ని నుంచి వస్తుంది. ఎర్ర రంగునిచ్చే కార్మైన్‌ని ఒక రకం పురుగులను ఎండబెట్టి తీస్తారు. సబ్బు మీద సోడియం టాలోయేట్ అని ఉంటే అది పశువుల కొవ్వుతో చేసింది, సోడియం పామేట్ అంటే పామాయిల్‌తో చేసింది. గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ రెండు రకాలుగానూ వస్తాయి, కంపెనీని అడిగితే తప్ప తెలియదు. గడ్డం బ్రష్‌ల్లో పంది వెంట్రుకలవి ఉంటాయి. నైలాన్‌ది చవక, దొరకడమూ తేలిక.

రెండూ కావాలంటే రెండూ చూసుకోవాలి. ఒకేసారి అన్నీ పట్టుకుంటే కొట్లోనే విసుగొచ్చి మానేస్తారు. ముందు పరీక్షల సంగతి చూడండి. అది అలవాటయ్యాక లోపలి సరుకు చదవడం మొదలుపెట్టవచ్చు.

మామూలు కొట్లో, మామూలు ధరలో దొరికే బ్రాండ్ల పేర్లు చెప్పండి.

గార్నియర్‌కి 2021లో లీపింగ్ బన్నీ ఆమోదం వచ్చింది. డవ్ 2018లో పెటా జాబితాలో చేరింది. మన దేశపు ప్లమ్ పెటా ధ్రువీకరణతో పాటు పూర్తిగా వీగన్ కూడా, కాకపోతే ధర కొంచెం ఎక్కువ. ఆఫర్ ఉన్నప్పుడు చూసుకోవాలి. జాబితాలు మారుతుంటాయి కాబట్టి కొనేముందు ఒకసారి సరిచూసుకోండి.

కాగితాల గొడవ లేకుండా అన్నిటికంటే చవకగా ఉండేవి మాత్రం బ్రాండు పేరు లేనివే. కుంకుడుకాయలు, శీకాకాయ, సున్నిపిండి, కొబ్బరినూనె, పటిక. తరతరాలుగా వీటిని వాడటానికి కుందేలు కంట్లో వేసి చూడాల్సిన అవసరం మనకు పడలేదు. మన అమ్మమ్మల కళ్లే చూశాయి.

డవ్, గార్నియర్ వెనక పెద్ద కంపెనీలున్నాయి. వాటి మిగతా బ్రాండ్లలో కొన్నిటికి ఈ ధ్రువీకరణ లేదు. అయినా కొనవచ్చా?

దీని మీద మా స్నేహితుల్లోనే రెండు మాటలున్నాయి. ఒకామె మాతృసంస్థ మొత్తం మారేదాకా దాని సబ్బు ముట్టనంటుంది. నేను కొంటాను. పెద్ద కంపెనీలో ధ్రువీకరణ ఉన్న బ్రాండుకే గిరాకీ పెరిగితే, మిగతా బ్రాండ్లకు కూడా అదే దారి పట్టించాలన్న ఆలోచన వాళ్లకు వస్తుందని నా నమ్మకం. పైగా మా వీధి కొట్లో దొరికేది అదే. సర్టిఫికెట్ ఉన్న చిన్న కంపెనీ సరుకు మీ ధరలో దొరికితే దానికే మొదటి చోటు ఇవ్వండి.

చైనాలో అమ్మే కంపెనీల గురించి ఏదో అంటారు, ఏమిటది?

బయటి దేశాల నుంచి వచ్చే సౌందర్య సాధనాలన్నిటినీ జంతువుల మీద పరీక్షించాలని చైనా చాలాకాలం పట్టుబట్టింది. 2021 మే నుంచి షాంపూ, బాడీవాష్ లాంటి మామూలు సరుకులకు, తగిన పత్రాలు చూపితే మినహాయింపు ఇచ్చింది. జుట్టు రంగు, సన్‌స్క్రీన్, చర్మం తెల్లబరిచే క్రీముల లాంటివాటిని మాత్రం ప్రత్యేక తరగతిలోనే ఉంచింది. అందుకే విదేశీ కంపెనీ జుట్టు రంగు కొనేటప్పుడు, సబ్బు కొనేటప్పటికంటే ఎక్కువ అడిగి తెలుసుకోవాలి.

హైదరాబాద్‌లో తక్కువ ధరకు ఎక్కడ కొనాలి?

ఎండుకాయలు, మూలికలు, పిండికి కావలసిన దినుసులు అయితే బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ వైపు వెళ్లండి. సికింద్రాబాద్ వాళ్లకు మోండా మార్కెట్ దగ్గర. కాలనీ సూపర్‌మార్కెట్‌లో చిన్న ప్యాకెట్‌లో వచ్చే కుంకుడుకాయలకూ, బేగంబజార్‌లో గోనె సంచిలోంచి తూచి ఇచ్చేవాటికీ ధరలో చాలా తేడా ఉంటుంది. నలుగురు ఆడవాళ్లం కలిసి ఏడాదికి రెండుసార్లు వెళ్లి, అందరికీ కలిపి ఐదు కిలోలు తెచ్చి పంచుకుంటాం. కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని ఊపండి. లోపల గింజ గలగలమని మోగాలి, పైతొక్క జిగటగా, ముదురు బంగారు రంగులో ఉండాలి. నల్లబడి బూజు వాసన వేస్తే వద్దనండి. "సేఠ్, కొత్త పంటవి తీయండి" అంటే లోపలి సంచి విప్పుతారు.

గిరిజన సహకార సంస్థ అవుట్‌లెట్లలో సబ్బులు, తేనె, అడవి సరుకులు దొరుకుతాయి. అక్కడ పెట్టే డబ్బులో కొంతైనా అడవిలో ఏరుకొచ్చినవాళ్లకు చేరుతుంది కాబట్టి నేను వీలైనప్పుడల్లా వెళ్తాను. ఖాదీ భాండార్లలోనూ సబ్బులుంటాయి. ఏటా మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరుగుతుంది కదా, చేతితో చేసిన సబ్బుల స్టాళ్లు అక్కడ చూడవచ్చు. ఆ సబ్బుల మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, తయారైన తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. లేబుల్ లేని సబ్బు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయడమే మంచిది. రేపు దద్దుర్లు వస్తే ఎవరిని అడుగుతారు?

కంపెనీ సరుకు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత అని చిన్నగా వేస్తారు. కళ్లు పెట్టాల్సింది అక్కడ. 75 గ్రాముల సబ్బు 30 రూపాయలైతే గ్రాము 40 పైసలు, 125 గ్రాములది 45 రూపాయలైతే 36 పైసలు. షాంపూల్లో చాలాసార్లు రూపాయి, రెండు రూపాయల సాచెట్టే పెద్ద సీసాకంటే చవక పడుతుంది. చెత్త పెరుగుతుందన్న బాధ ఉన్నా, చేతిలో డబ్బు లేనివాళ్లను తప్పుపట్టలేను. 2025 సెప్టెంబరు 22 నుంచి బిళ్ల సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, టాల్కం పౌడరు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

ఇంకొక్క మాట, టీఎఫ్‌ఎం. సబ్బులో అసలు కొవ్వు సారం ఎంతో చెప్పే అంకె అది. 76 శాతం, ఆ పైన ఉంటే గ్రేడ్ 1. టీఎఫ్‌ఎం ఎక్కువున్న సబ్బు త్వరగా మెత్తబడి కరిగిపోదు. ధర రెండు రూపాయలు ఎక్కువైనా నెలాఖరుకి అదే కలిసొస్తుంది.

మాది బోరు నీళ్లు. సబ్బు నురగే రాదు, త్వరగా అయిపోతోంది. ఏం చేయాలి?

నగరంలో సగం ఇళ్ల గోడు ఇదే. గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిగా మారతాయి. ఆ మడ్డి బకెట్ అంచుకూ, మన జుట్టుకూ పడుతుంది. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే రోజున ఒక బకెట్ తలస్నానానికి పట్టి పెట్టుకోండి. కుంకుడు రసానికి మాత్రం ఈ బాధ తక్కువ. దాని నురగ కాయలోని సాపోనిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, కాల్షియంతో సబ్బులా మడ్డి కట్టదు. మేము బోరు నీళ్ల ఇంట్లోకి మారాకే మళ్లీ కుంకుడుకాయలకు వచ్చాం.

కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి... ఉద్యోగాలకు పోయేవాళ్లకు అంత టైమెక్కడిది?

రాత్రి గిన్నెలు తోమాక ఐదు నిమిషాలు చాలు. ఒకరి తలకు పది పన్నెండు కాయలు కొట్టి గింజలు తీసేసి, వేడి నీళ్లు పోసి మూతపెట్టండి. పొద్దున చేత్తో పిసికి, పాత చున్నీ గుడ్డలో వడగడితే అయిపోయింది. మిగిలిన పిప్పితో వెండి పట్టీలు, ఇత్తడి దీపాలు తోముకోవచ్చు. రసం బయట ఉంచితే మర్నాటికే పులిసిపోతుంది, ఫ్రిజ్‌లో మూడు రోజుల వరకు ఆగుతుంది. చేపల తొట్టిలో గానీ చెరువులో గానీ పారబోయకండి. ఆ నురగ చేపలకు విషం. కళ్లలో పడకుండా చూసుకోవాలని మీకు వేరే చెప్పక్కర్లేదు.

పొడి కొనుక్కుంటే ఇంకా తేలిక. కానీ ప్యాకెట్ మీద వంద శాతం కుంకుడు అని ఉందా, ఇంకేమైనా కలిపారా చదవండి.

సున్నిపిండి ఇంట్లో చేసుకోవచ్చా?

భేషుగ్గా. మా ఇంటి లెక్క: పెసలు అర కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం గుప్పెడు, కస్తూరి పసుపు 50 గ్రాములు, గంధకచ్చూరాలు 50 గ్రాములు, మెంతులు రెండు చెంచాలు, నీడలో ఎండబెట్టిన గులాబీ రేకులు ఉంటే వేస్తాం. బావంచాలు చాలామంది వేస్తారు, మేము మానేశాం. బావంచాలు రాసుకుని ఎండలో తిరిగితే కొందరికి చర్మం మండి మచ్చలు పడతాయి. మొక్క నుంచి వచ్చిందల్లా చర్మానికి మంచిదే అనుకోకూడదు.

అన్నీ రెండు రోజులు ఎండబెట్టి గిర్నీకి తీసుకెళ్లండి. ఇక్కడ ఒక జాగ్రత్త. గిర్నీ అతన్ని, "అన్నా, దీనికి ముందు ఏం పట్టావు?" అని తప్పకుండా అడగండి. ఒకసారి అడగకుండా పట్టించుకొచ్చాను. మా అబ్బాయి ఒంటికి రాయగానే గగ్గోలు పెట్టాడు. నాకంటే ముందు ఎవరో మిరపకాయలు పట్టించారట. ఇప్పుడు బియ్యప్పిండో గోధుమపిండో పట్టాకే మాది పోయమంటాను. మొదట దిగిన గుప్పెడు పిండి పక్కకు తీసేస్తాను.

కొత్తది ఏదైనా, కొన్నదైనా ఇంట్లో చేసినదైనా, మోచేతి లోపలి మడత దగ్గర కొంచెం రాసి ఒక రోజు చూడండి. మన చర్మానికి పడుతుందో లేదో మన చర్మం మీదే తెలియాలి.

పేస్టు సంగతేమిటి? వేపపుల్లకు మారిపోవాలా?

అక్కర్లేదు. పళ్లు పుచ్చకుండా ఉండటానికి ఫ్లోరైడ్ పేస్టు మంచిదని దంతవైద్యులు చెబుతారు, ముఖ్యంగా పిల్లలకు. మన దేశంలో తయారైన మామూలు పేస్టుకు 2014 నిషేధం వర్తిస్తుంది కాబట్టి మొదటి మెట్టు ఎక్కేసినట్టే. ధ్రువీకరణ ఉన్నది మీ ధరలో దొరికితే దానికి మారండి, దొరకకపోతే పళ్లు పాడుచేసుకోకండి. బొగ్గుతో, ఇటుకపొడితో చేసిన పండ్లపొడులు మాత్రం పంటి పైపొరను అరగదీస్తాయి.

"ఆయుర్వేద", "హెర్బల్" అని రాసి ఉంటే జంతువుల మీద పరీక్షించనట్టేనా?

హెర్బల్ అన్న మాట లోపలి సరుకు గురించి చెబుతుంది, పరీక్షల గురించి కాదు. ఆయుర్వేద మందుగా లైసెన్సు తీసుకున్న సబ్బులు, పేస్టులు, నూనెలు కాస్మెటిక్స్ రూల్స్ కిందికి రావు. చుండ్రుకు డాక్టరు రాసే మందు షాంపూలూ అంతే. వీటి విషయంలో కంపెనీని నేరుగా అడగడమే దారి.

కంపెనీని ఏమని అడగాలి? అడిగితే జవాబిస్తారా?

ప్యాకెట్ వెనక కస్టమర్ కేర్ ఈమెయిల్ తప్పనిసరిగా ఉంటుంది. "మీరు జంతువుల మీద పరీక్షిస్తారా?" అని మాత్రం అడగకండి. "మేము పరీక్షించం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, పరీక్షించేది వేరే ప్రయోగశాల కావచ్చు. నేను ఇలా రాస్తాను:

"నేను మీ సబ్బు వాడుతున్నాను. ఈ సరుకును గానీ, ఇందులో వాడే ముడిసరుకును గానీ మీరు, మీకు సరఫరా చేసేవారు, మీ తరఫున ఇంకెవరైనా, ప్రపంచంలో ఎక్కడైనా జంతువుల మీద పరీక్షిస్తున్నారా? ఏ సంవత్సరం నుంచి మానేశారు? బయటి సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ ఉందా? తెలుపగలరు."

ఇప్పటిదాకా తొమ్మిది కంపెనీలకు రాశాను. నలుగురు సూటిగా జవాబిచ్చారు, అందులో ఒక చిన్న కంపెనీ యజమాని స్వయంగా ఫోన్ చేసి తన సరఫరాదారుల కాగితాలు చూపిస్తానన్నారు. ఇద్దరు చట్టాన్ని పాటిస్తున్నామని మాత్రం రాశారు. ముగ్గురి నుంచి ఏమీ రాలేదు. జవాబు రానిచోట మా డబ్బు కూడా పోదు.

ఇంట్లో ఇప్పటికే ఉన్న సబ్బులు, క్రీములు పారేయాలా?

వద్దు. వాడేయండి. అయిపోయిన దాని చోటులో కొత్తది తెచ్చుకోండి.

మరి మందులు?

డాక్టరు రాసిన మందు మానకండి, అది ముఖ్యం. మందులకు జంతువులపై పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి, అవి వేరే చట్టం కింద ఉన్నాయి. అక్కడ కూడా 2023లో నిబంధనలు సవరించి, కణాల మీద, కంప్యూటర్ల మీద చేసే పద్ధతులకు తలుపు తెరిచారు. ఆ మార్పు శాస్త్రవేత్తలు, ప్రభుత్వం తేవాలి. షుగర్ మాత్ర మింగకుండా మనం తెచ్చేది కాదు.

హాస్టల్‌లో ఉంటున్నాను. నెలకు మూడు నాలుగు వందలకు మించి పెట్టలేను. నాకు కుదురుతుందా?

అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కుదురుతుంది, కొంత మిగులుతుంది కూడా. గ్రేడ్ 1 సబ్బులు రెండు, జాబితాలో ఉన్న బ్రాండు షాంపూ సాచెట్లు ఎనిమిది పది, ఒక పేస్టు, చిన్న కొబ్బరినూనె సీసా. అదే మాయిశ్చరైజర్, అదే లిప్‌బామ్, అదే తలకు. ఫేస్‌వాష్ బదులు ఊరి నుంచి అమ్మ పంపే సున్నిపిండి డబ్బా. తడి తగలని సబ్బుపెట్టె, అడుగున రంధ్రాలున్నది, 20 రూపాయలకు కోఠిలో దొరుకుతుంది. హాస్టల్ బాత్రూముల్లో సగం సబ్బు నీళ్లలో నాని పోతుంది. ఆ పెట్టె ఉంటే రెండో సబ్బు వచ్చే నెలకు మిగులుతుంది.

రూమ్మేట్లతో కలిసి కుంకుడు పొడి అర కిలో తెచ్చుకుంటే ఇంకా తగ్గుతుంది. వడగట్టడానికి టీ వడకట్టు వాడారంటే మర్నాడు టీలో నురగ వస్తుంది, దానికి వేరే గుడ్డ పెట్టుకోండి.